దీపావళి అమావాస్య, గడ్డి కోసే మిషను

31 అక్టోబరు 2024, గురువారం

నిజానికి తారీఖు మారిపోయింది, ఒంటిగంట దాటింది. తెల్లారి అయిదింటికే మామ్మ లేపేసి నెత్తిన నూనె పెట్టి తలంటింది కాబట్టి ఈపాటికి నేను శవంలా పడి ఉండాలి. నిద్ర రావట్లేదు. కడుపు నొప్పొచ్చేలా నవ్వాను, అదీ రక్తం కాలవలు కట్టిన సినిమా చూసి.

సాయంత్రం అంతా మామూలు దీపావళే. రైతు బజారు నుంచి తెచ్చిన గోగు కాడలకి మామ్మ నూనె వత్తులు కట్టింది, కింద అపార్ట్‌మెంట్ గుంటలందరూ వాటిని వెలిగించి నేల మీద కొడుతూ "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగుల చవితి" అని గోల. పోయిన పెద్దలకి దారి చూపించడానికి ఈ దివిటీలు అని మామ్మ ఏటా చెబుతుంది. సరిగ్గా అప్పుడే డాలస్ నుంచి మా పిన్ని కూతురు వీడియో కాల్ చేసింది. అక్కడింకా పొద్దున్నే, దాని కూతురు అస్థిపంజరం బట్టలేసుకుని స్కూలుకి బయల్దేరుతోంది, హాలోవీన్ కదా, అక్కడి దెయ్యాల వేషాల పండగ. ఈసారి రెండూ ఒకేరోజు పడ్డాయి. ఆ పిల్ల ఫోన్లో "బూ" అంటే మామ్మ "ఏటే ఆ గుంటకి, బొమికలు కనబడతన్నాయి, తిండెట్టట్లేదా" అంది.

టపాకాయల పొగకి నాకు తుమ్ములు మొదలై, తమ్ముణ్ణి కింద వదిలేసి తొమ్మిదిన్నరకల్లా పైకొచ్చేశాను. మా విశాఖ ఎంవీపీ కాలనీలో దీపావళి రాత్రి పడుకోవడం అనేది జరిగే పని కాదు. సరే, హాలోవీన్ అన్నారు కాబట్టి ఆ మర్యాదేదో మనమూ చేద్దామని 'బ్రెయిన్‌డెడ్' పెట్టాను. 1992లో పీటర్ జాక్సన్ తీసింది. అవును, తర్వాత 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' తీసి, దాని మూడో భాగానికి 11 ఆస్కార్లు పట్టుకెళ్ళిన ఆ పీటర్ జాక్సనే. ఆ మనిషి ఒకప్పుడు ఇలాంటిది తీశాడని తెలిశాక ఆ 11 ఆస్కార్ల మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. నాకు రక్తం పడదు. రెండేళ్ళ క్రితం ఓ ల్యాబ్‌లో షుగర్ టెస్టుకి సూది గుచ్చితే కుర్చీలోనే కళ్ళు తిరిగి పడిపోయాను, ఆ అమ్మాయి నాకు మజ్జిగ తాగించి పంపింది. మరి ఈ సినిమాలో మనుషులు ముక్కలు ముక్కలవుతుంటే ఎందుకు నవ్వొస్తుందంటే, కొంచెం రక్తమైతే భయం, బిందెడైతే అసహ్యం, ఇల్లంతా పారితే ఇంక చేసేదేం లేదు, నవ్వాల్సిందే. సీరియస్ సినిమాలో చిన్న బ్లేడు గాటు చూపిస్తే ఇప్పటికీ కళ్ళు మూసుకుంటాను.

కథ 1957లో వెల్లింగ్టన్‌లో జరుగుతుంది (మన 'మాయాబజార్' వచ్చిన ఏడాది, ఊరికే గుర్తొచ్చింది). సుమత్రా దగ్గరి ఏదో దీవి నుంచి పట్టుకొచ్చిన ఎలుక, కోతి కలిసిన జంతువొకటి జూలో ఉంటుంది, అది హీరో వాళ్ళమ్మని కరుస్తుంది. ఆవిడ మామూలు అమ్మ కాదు, కొడుకుని కొంగున కట్టేసుకున్న రకం. కరిచాక మెల్లగా కుళ్ళడం మొదలవుతుంది, అయినా ఇంటికి పెద్ద మనుషులు భోజనానికొస్తే మర్యాద పోకూడదని ముస్తాబై కూర్చుంటుంది. అలా కూర్చుని కస్టర్డ్ తింటుంటే చెవి ఊడి గిన్నెలో పడుతుంది. ఆవిడ చెంచాతో తీసి తినేస్తుంది. నేను అప్పుడే మామ్మ చేసిన సేమ్యా పాయసం గిన్నె చేతిలోకి తీసుకున్నాను. పక్కన పెట్టేశాను.

చివరి అరగంట మొదలయ్యేసరికి మామ్మ నీళ్ళకని లేచొచ్చి సోఫాలో కూలబడింది. "ఏటే ఆ అరుపులు, బయటివా లోపలివా?" అని అడిగింది. నాకు కంగారు, ఈ సినిమాలో జాంబీలు (ఆ అమ్మ నుంచి అంటుకుని, చచ్చాక లేచి తిరిగే శవాలు) కొన్ని మామ్మ ముందు చేయకూడని పనులు కూడా చేస్తాయి. అదృష్టం బాగుండి అవన్నీ అప్పటికే అయిపోయాయి. మిగిలింది నరుకుడే.

హీరో గడ్డి కోసే మిషను ఛాతీకి అడ్డంగా ఎత్తిపట్టుకుని ఇల్లంతా నిండిన జాంబీల మీదకి వెళ్తాడు. "మా ఊళ్ళో వరి కోసే మిషనులాగుందే" అంది మామ్మ, కోత బాగా పడుతోందన్నట్టు తలాడిస్తూ. నేల మీద రక్తం ఎంతుందంటే అతను పరిగెత్తాలని చూస్తాడు, కాళ్ళు జారుతూనే ఉంటాయి, మనిషి ఉన్నచోటే ఉంటాడు. ఒక జాంబీలోంచి బయటికొచ్చిన పేగులైతే సొంతంగా తిరుగుతూ, మధ్యలో అద్దం కనబడితే ఆగి అందం చూసుకుంటాయి! అక్కడ మామ్మ పగలబడి నవ్వింది. ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు ఆవిడకి, నేను ఒక్క డైలాగూ చెప్పలేదు.

ఆ చివరి సీనుకే 300 లీటర్ల నకిలీ రక్తం వాడారని చెబుతారు. అంటే మా ఇంటికొచ్చే మంచినీళ్ళ క్యాన్లు 15. మామ్మకి ఇది చెబితే ఆవిడ లెక్క వేరే. "అవునుగానీ, ఆ ఇల్లంతా ఎవలు కడుగుతారే?" అంది. అది నిజం రక్తం కాదు మామ్మా, సినిమా రక్తం చాలాసార్లు తియ్యటి సిరప్‌లో రంగు కలిపి చేస్తారు, మన పాకంలాగ, అన్నాను. కాసేపు ఆలోచించి, "మరి చీమలు పట్టవా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళుగా ఇలాంటి సినిమాలు చూస్తున్నాను, ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు.

ఆవిడకి ఇదేమంత కొత్తగా అనిపించలేదు కూడా. విఠలాచార్య సినిమాలు చూసి పెరిగిన మనిషి, పుర్రెలు మాట్లాడటం, తెగిన తలలు నవ్వడం అన్నీ ఎప్పుడో అయిపోయాయి ఆవిడకి. "అప్పుడు రక్తం ఇంత పోసేవోరు కాదు, మిగతాదంతా ఇలగే" అని తేల్చేసింది. కంప్యూటర్ మాయ కాకుండా రబ్బరు తొడుగులతో, బొమ్మలతో చేసిన పని కాబట్టే ఆవిడకి అలా అనిపించిందేమో. అతుకులు కనబడుతుంటే నాకూ ఎందుకో ముద్దుగా ఉంటుంది, వెనకాల ఎవరో కూర్చుని తీగ లాగుతున్నారని తెలిసిపోతుంది.

సినిమా అయ్యాక టీవీ ఆపబోతుంటే, "ఇదంతా ఎలా మొదలైనాది?" అంది. ఎలుక కరిచిందని చెప్పాను. "మరా ఎలక ఏటైపోనాది?"

చెబితే వినలేదు, చూపించమంది. పన్నెండున్నరకి మళ్ళీ వెనక్కి తిప్పి జూ సీను పెట్టాను. అది కరవడం, హీరో వాళ్ళమ్మ మడమ జోడుతో దాని తల తొక్కి పచ్చడి చేసేయడం, రెండూ కళ్ళార్పకుండా చూసింది. అంతమంది ముక్కలైనప్పుడు ఒక్క మాట అనని మామ్మ "పాపం, నోరు లేని జీవం" అని నిట్టూర్చి, నేను పక్కన పెట్టిన పాయసం తాగేసి పడుకుంది.