పలక లేని ఇల్లు

నిద్ర పట్టడం లేదు. కారణం చెబితే నవ్వుతారు. మూడు వందల ఏళ్ల నాటి లండన్‌లో ఒక ఇంటిని అన్యాయంగా తగలబెట్టేశాను.

చిన్నదానికి రేపు బడిలో ప్రసంగం. తొలినాటి పోలీసులు, అగ్నిమాపక దళాలు. ఎప్పటిలాగే రాత్రి భోజనాల దగ్గర బయటపెట్టింది, ఎప్పటిలాగే నేను రెచ్చిపోయాను. 1666లో లండన్ కాలిపోయాక బీమా కంపెనీలు పుట్టాయి, ఒక్కోటి సొంత దళం పెట్టుకుంది, బీమా కట్టిన ఇంటి గోడకు సీసపు పలక కొట్టేవారు. సన్ అనే కంపెనీ పలక మీద సూర్యుడి ముఖం, కింద పాలసీ నంబరు. అక్కడ ఆగాల్సింది. "పలక తమది కాకపోతే మంటలు చూస్తూ చేతులు కట్టుకుని నిలబడేవారు" అన్నాను. చిన్నది ఎర్ర సిరాతో రాసేసుకుంది.

ఆయన కంచంలోంచి తలెత్తకుండా, "పక్కింటికి పలక ఉంటేనో?" అన్నారు.

వారానికి ఒక్క వాక్యం మాట్లాడే మనిషి, అదీ నా కథ మధ్యలోనే! ఇరవై నిమిషాలు వాదించాను. ఆయన చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు. జవాబు ఇవ్వకుండా వెళ్లేవారితో గెలవడం ఎలాగో నాకు ఇప్పటికీ తెలియదు.

పోలీసుల కథకు మాత్రం చిన్నది పడీపడీ నవ్వింది. 1829 సెప్టెంబరు 29న కొత్త దళం వీధుల్లోకి వచ్చింది. సైనికుల ఎరుపు గుర్తుకు రాకూడదని నీలం కోటు వేశారు. ఒకటో నంబరు కానిస్టేబుల్‌ను తాగినందుకు ఆ రోజే ఇంటికి పంపేశారు.

అంతకుముందు లాంతరు, కర్ర పట్టుకుని గంటలు చాటే ముసలి కాపలాదారులే దిక్కు. వాళ్ల గురించి చెబుతుంటే మా చిన్నప్పటి కాపలా తాత గుర్తొచ్చాడు. ఒక రాత్రి అమ్మమ్మ మంచినీళ్లు ఇస్తే, చెంబు అందుకున్న చెయ్యి వణికి సగం నీళ్లు చొక్కా మీద ఒలికాయి. దొంగ వస్తే ఈయనేం చేస్తాడు అని అడిగాను. "దొంగకు చెయ్యి కనబడదే, కర్ర చప్పుడు వినబడుతుంది" అంది అమ్మమ్మ. ఆ టక్ టక్ వీధి మలుపు తిరిగేదాకా మేలుకుని ఉండేదాన్ని.

ఇందాక గిన్నెలు సర్దుతుంటే తట్టింది. మంటకు పలకలు చదవడం రాదు కదా. వెతికాను. చూస్తూ వదిలేసేవారన్న కథకు గట్టి ఆధారం లేదని చరిత్రకారులే అంటున్నారు. 1833లో పది కంపెనీలు కలిసి, జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ చేతి కింద 80 మందితో ఒకే దళం పెట్టుకున్నాయి. 1861లో టూలీ వీధి మంటల్లో గోడ కూలి ఆయన చనిపోయాడు. ఆ తర్వాతే చట్టం చేసి, 1866 నుంచి మంటలార్పే బాధ్యత బీమా కంపెనీల చేతుల్లోంచి తీసుకున్నారు. ఇంత ఉంటే నేను చెప్పింది కట్టుకథ.

పోనీలే, పిల్లలు నవ్వుకుంటారు అనుకుని పడుకున్నాను. పది నిమిషాలకు లేచి, సంచిలోంచి కాగితం తీసి ఎర్ర సిరా వాక్యం కొట్టేశాను. ఖాళీలో "పక్కింటికి పలక ఉంటేనో?" అని రాశాను.

ఎవరడిగారో రాయలేదు.