కాగితం నమ్మిన డాక్టర్ బాబు

ఆదివారం, హన్మకొండ.

పొద్దంతా బట్టలు, కుమార్‌పల్లి మార్కెట్, ఇంటి పని. రాసేంత విషయం సాయంత్రమే దొరికింది. అత్తమ్మ సర్వపిండి మొదలుపెట్టింది. నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు కలిపిన పిండిని గిన్నె అంచుల దాకా ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో నూనె చుక్క వేస్తోంది. పక్కనే నా ఫోన్‌లో ‘కార్తీకదీపం’ పాత ఎపిసోడ్.

2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా నడిచిన సీరియల్ అది. అది వచ్చే టైముకు మా ఇంట్లో అన్నం అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. మలయాళం ‘కరుత్తముత్తు’కు రీమేక్, అక్కడ కూడా హీరోయిన్‌గా ముందు ప్రేమి విశ్వనాథే చేసింది అని చెప్తే అత్తమ్మ వినదు. వంటలక్క (సీరియల్లో హీరోయిన్ దీప) మన పిల్లే అంటుంది.

కథ అందరికీ తెలిసిందే. డాక్టర్ బాబు కార్తీక్‌కు పిల్లలు పుట్టరని, అతని మీద మనసు పడ్డ మోనిత దొంగ రిపోర్టుతో నమ్మించింది. అతను కడుపుతో ఉన్న భార్య దీపను అనుమానించాడు. కవలల్లో ఒకరు తల్లి దగ్గర, ఒకరు తండ్రి దగ్గర పెరిగారు. తను పెంచుతున్నది కన్నబిడ్డనేనని అతనికే తెలియదు!

“ఒక్క డీఎన్‌ఏ టెస్టు చేయించుకుంటే అయిపోయేది కదా, అంత పెద్ద డాక్టరు” అన్నాను. అప్పట్లో ఊరంతా అన్న మాటే.

అత్తమ్మ తలెత్తలేదు. “తేలితే ఏమైతది బిడ్డా? కాగితం చూసి అనుమానించిండు, ఇంకో కాగితం చూసి నమ్ముతడు. నడుమ పెండ్లాం మొత్తుకున్నది ఎటువాయె?”

నాకు జవాబు దొరకలేదు. మోనిత మోసం బయటపడింది, కార్తీక్ తప్పు తెలుసుకున్నాడు, సీరియల్ లెక్కలో గొడవ తీరిపోయింది. అప్పుడు నేనూ హమ్మయ్య అనుకున్నాను. కానీ దీప గెలిచిందా, రుజువు గెలిచిందా? రుజువు దొరకకపోతే ఆమె ఇంకా బస్తీలో వంటలు చేసుకుంటూనే ఉండేది కదా.

అందుకే నాకు కార్తీక్ తల్లి సౌందర్య నచ్చుతుంది. నల్లగా ఉందని కోడల్ని వద్దన్న మనిషే తర్వాత కొడుకుతో పోట్లాడి కోడలి పక్కన నిలబడింది. దానికి ఆమెకు ఏ రిపోర్టూ అవసరం పడలేదు, దీప గుణం చాలింది. ఆ కథలో అసలు మార్పు ఆమెదే అన్నాను. అత్తమ్మ తననే పొగిడినట్టు మురిసిపోయింది.

ఇంతలో పక్కింటి వదిన వచ్చింది. “మొదట్ల గామె ఎంత ఈసడించిందో మర్చిపోయిండ్రా? అత్త మారింది అత్త మారింది అంటరు, అప్పటిదాకా పడ్డది ఎవరు?”

అత్తమ్మకు కోపమొచ్చింది. నేను ఎటూ మాట్లాడలేదు. ఈ వాదనలో పొయ్యి మీది రెండో వాయి మాడింది. దాన్ని మావారి ప్లేటులో వేశాం.