రాత్రి తొమ్మిదింటి చుక్క

నాకు నీటికాసులు ఉన్నాయని తెలిసి ఆరేళ్లయింది. గ్లాకోమా అంటే చాలామందికి తెలుస్తుంది. నొప్పి లేదు, ఎరుపు లేదు. కళ్లజోడు మార్పించుకుందామని వెళితే డాక్టరుగారు కంటి ప్రెషరు చూశారు: 32. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలట. అప్పటికే ఎడమ కంట్లో పక్కచూపు చాలావరకు పోయింది.

పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవాలి. అందుకే ఈ చుక్కలు. కింది రెప్ప కొంచెం లాగితే చిన్న సంచిలా అవుతుంది, అందులో ఒక్క చుక్క. కన్ను మూసి ముక్కు పక్క మూలలో వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకుంటాను. లేకపోతే మందు గొంతులోకి జారి చేదు తగులుతుంది. రెండో మందుకు ఐదు నిమిషాలు ఆగాలి.

చార్టులో చివరి వరసదాకా చదవగలను. అందుకే నా ఇబ్బంది ఎవరికీ కనపడదు. మొన్న పెళ్లిలో మా తోడికోడలు ఎడమపక్క నుంచి నవ్వుతూ చెయ్యి ఊపిందట. "ఏంటక్కా, చూసీ చూడనట్టు వెళ్లిపోయావు?" అంది. ఆ మాట చాలా బాధపెట్టింది. కూర్చోబెట్టి అంతా చెప్పాను. అప్పటినుంచి నాకు కుడివైపే నడుస్తోంది. మెట్ల అంచులకు మా అబ్బాయి పసుపు టేపు అంటించాడు, సందెవేళ అదే నాకు దారి.

తోడబుట్టినవాళ్లకూ వచ్చే అవకాశం ఎక్కువని చెల్లెల్ని పట్టుబట్టి పరీక్షకు పంపాను. దానికీ ప్రెషరు ఎక్కువే, చూపు మాత్రం ఇంకా చెక్కుచెదరలేదు. ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగుతుంది.

"అక్కా, వేసుకున్నావా?"