నా అనుభవం: బుల్లెట్ గేర్‌బాక్స్ జిడ్డు, సోడా తొట్టి, ఒక బిల్లు

పాత బండికి పట్టిన జిడ్డు ఎలా వదిలించాలని ఎవరినడిగినా ఒకటే మాట: "వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చెయ్, పది నిమిషాల్లో కొత్తదానిలా వస్తుంది." రాదు. ఏళ్ల తరబడి పేరుకున్న గ్రీజు మీద నీళ్లు ఎంత ప్రెషర్‌తో కొట్టినా పైదుమ్ము పోతుంది, కింద మడ్డి నున్నగా మెరుస్తూ అక్కడే ఉంటుంది. పైగా ఆ నీళ్లు బేరింగుల్లోకీ బ్రేకు డ్రమ్ములోకీ దూరతాయి. అసలు గ్రీజు అంటేనే నూనెని ఒక రకం సబ్బుతో చిక్కబరిచింది, తడి తగిలినా చోటు కదలకూడదనే అలా చేస్తారు. దాన్ని నీళ్లతో కడుగుతామంటే ఎలా?

మాది నాన్న వాడిన 350 బుల్లెట్, 1980ల నాటిది. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు, ఒకటి పైకి మూడు కిందకి వేసే నాలుగు గేర్ల పాత డబ్బా, అంటే గేర్‌బాక్స్. చాలా ఏళ్లు ఊళ్లో కొట్టంలోనే ఉండిపోయింది. ఈ మోడల్‌లో ప్రైమరీ చైన్ (ఇంజిన్ నుంచి క్లచ్‌ని తిప్పే చైన్) మీది పెద్ద మూతని నడిమధ్య ఒకే ఒక నట్టు పట్టి ఉంచుతుంది, చుట్టూ సీలు రబ్బరుది. రబ్బరు గట్టిపడితే నూనె కారుతుంది. ఆ నూనె, వెనక చైన్‌కి పూసిన గ్రీజు, గుంటూరు జిల్లా నల్లరేగడి దుమ్ము, వరిపొట్టు అన్నీ కలిసి గేర్‌బాక్స్ కింద రెండు వేళ్ల మందాన తారులా గడ్డకట్టాయి. కింద బోల్టులు ఎన్ని ఉన్నాయో కూడా కనబడలేదు.

విప్పడం పెద్ద కష్టం కాలేదు. వెనక చైన్‌ని తిప్పే ముందువైపు చిన్న పళ్లచక్రం క్లచ్ వెనకాల దాక్కుని ఉంటుంది కాబట్టి మూత, క్లచ్, లోపలి చైన్‌కేసు అన్నీ తీయాల్సిందే. ప్రైమరీ చైన్‌కి లింకు ఉండదు, కాబట్టి ఇంజిన్ వైపు చక్రాన్నీ క్లచ్ డ్రమ్మునీ చైన్‌తో కలిపి ఒకేసారి బయటికి లాగాలి. మా వీధిలో బుల్లెట్లున్నవాళ్లకేం కొదవలేదు. క్లచ్ విప్పి మళ్లీ బిగించినవాణ్ని మాత్రం నేనొక్కణ్నే, ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

మడ్డి తీయడంలో సగం పని పొడిగానే అయిపోవాలి. కిరోసిన్ పోశాక గోకితే అది బురదై అన్నిచోట్లా పాకుతుంది. ఇనుము మీద పెయింటర్లు వాడే లప్పం పట్టీ, అల్యూమినియం మీద చెక్కిన వెదురు పుల్ల, మూలల్లో పాత టూత్‌బ్రష్. పెద్ద పెద్ద పెళ్లలు ఊడొస్తుంటే ఆ తృప్తే వేరు.

తర్వాత కిరోసిన్. రేషన్ షాపులో నీలం కిరోసిన్ క్యూ కట్టి తెచ్చుకున్న రోజులు పోయాయి. ఇప్పుడు దొరకడం గగనం. దొరక్కపోతే డీజిల్ వాడండి, కాస్త నెమ్మదిగా పనిచేస్తుంది, చివర్లో జిడ్డుపొర మిగులుస్తుంది, అంతే. పెట్రోల్ మాత్రం వద్దు. దాని ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాకిపోయి ఎక్కడో వంటింట్లో ఉన్న మంటని అందుకుంటుంది. "మేం చిన్నప్పట్నించీ పెట్రోల్‌తోనే కడుగుతున్నాం" అనేవాళ్లకి నా దగ్గర జవాబు లేదు, వాళ్ల అదృష్టం. పదిహేను కేజీల నూనె డబ్బాని అడ్డంగా కోసి ట్రేలా చేసుకుని, సామాన్లు రాత్రంతా నానబెట్టి, పొద్దున పెయింటు బ్రష్‌తో కడగాలి. వాడిన కిరోసిన్ కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది, పైతేట మళ్లీ పనికొస్తుంది. అడుగున మిగిలినదాన్ని రంపపు పొట్టులో కలిపి విడిగా మూటకట్టండి, కాలవలో పోయకండి. ఆఖరున వేణ్నీళ్లు, బట్టల సర్ఫ్. ఇనుప సామాన్లకి ఆరిన వెంటనే నూనె రాయకపోతే సాయంత్రానికి ఎర్రబడతాయి.

వెనక చక్రం దగ్గర ఒక జాగ్రత్త. ఈ బండిలో పళ్లచక్రం, బ్రేకు డ్రమ్ము ఒకటే ముక్క. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, కాబట్టి లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. గ్రీజు తాగిన బ్రేకు షూలని కడిగి లాభం లేదు, మార్చేయడమే.

గేర్‌బాక్స్ లోపల కూడా గ్రీజే. పాత మెకానిక్ ఒకాయన ఉన్నాడు, మేమంతా భాయ్ అని పిలుస్తాం. ఆయన చెప్పాడు, ఈ నాలుగు గేర్ల డబ్బాలో ఉత్త నూనె పోస్తే షాఫ్టుల వెంట కారిపోతుందని మెకానిక్‌లంతా పల్చటి గ్రీజు కుక్కేవాళ్లట. అది కాలక్రమంలో బెల్లప్పాకంలా ముదిరి పళ్ల సందుల్లో పట్టింది. గేర్లన్నీ కిరోసిన్‌లో వేస్తే బాగానే వదిలింది. ఖాళీ డబ్బా, అల్యూమినియం పోత, నేనే కడిగాను. పనిలో పనిగా పాలిష్ కూడా పట్టాను.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. డబ్బాలో పెద్ద బేరింగు ఒకటి బిగుసుకుపోయింది. బిగుసుకున్న సామాన్లని ఒత్తి ఊడదీసే ప్రెస్ ఉన్న ఒక వర్క్‌షాపుకి డబ్బా తీసుకెళ్లి "ఈ బేరింగు ఒక్కటి తీసివ్వండి" అని ఇచ్చాను. ఇంకో మాట కూడా స్పష్టంగా చెప్పాను: "కడగక్కర్లేదు, ఇది కడిగిందే." కౌంటర్లో కుర్రాడు తలూపి చీటీ రాశాడు.

మర్నాడు వెళ్తే బల్ల మీద ఒక నల్లటి వస్తువు ఉంది. నాది కాదనుకుని పక్కకి చూస్తున్నా. "అదే సార్ మీది" అన్నాడు కుర్రాడు. వేలితో రాస్తే మసిలా అంటుకుంది. పాలిష్ పట్టిన ఒళ్లంతా గరుకుగా, మచ్చలుమచ్చలుగా ఉంది. లారీ ఇంజిన్ సామాన్లు ఉడకబెట్టే కాస్టిక్ సోడా తొట్టి వాళ్ల షాపు వెనకాల ఉంది. నా డబ్బానీ అందులో పడేసి ఏ టీకో వెళ్లుంటారు.

వేడి కాస్టిక్ ఇనుముని ఏమీ చేయదు, జిడ్డుని మాత్రం ఊడ్చేస్తుంది. అందుకే లారీ బ్లాకులకి అది మంచి పద్ధతే. అల్యూమినియం అలా కాదు. సోడా దాన్ని కరిగిస్తుంది, బుసబుసమని హైడ్రోజన్ బుడగలొస్తాయి. పోతలో కలిసిన సిలికాన్, రాగి లాంటివి కరక్క పైన నల్లగా మిగిలిపోతాయి. ఆ మసి అదే. ఇంటర్లో కెమిస్ట్రీ చదివినవాడికెవడికైనా తెలిసే సంగతి.

ఓనర్‌ని పిలవమన్నాను. ఆయన తీరిగ్గా వచ్చాడు, డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "పాత బండి కదా సార్, అల్యూమినియం ఇలాగే ఉంటుంది" అన్నాడు. నిన్న తెచ్చేటప్పుడు తెల్లగా మెరుస్తోందన్నాను. "ఏరా, సార్ తెచ్చినప్పుడు ఎలా ఉంది?" అని కుర్రాణ్నడిగాడు. వాడు నా మొహం చూడకుండా "ఇలాగే ఉందన్నా" అన్నాడు. ఫోన్లో ఫొటో తీసి చూపించాను. "ఫ్లాష్ పడింది సార్, అందుకే తెల్లగా కనిపిస్తోంది." సోడాలో ఎందుకు వేశారు, కడగొద్దన్నాను కదా అంటే అప్పుడు కొంచెం గొంతు పెంచాడు: "మా మర్యాద కొద్దీ కడిగిచ్చాం. నలుగురైతే థాంక్స్ చెప్తారు."

చుట్టూ లారీలవాళ్లు, ట్రాక్టర్లవాళ్లు అయిదారుగురు ఉన్నారు. అందరూ పని ఆపి వింటున్నారు. ఓనర్ వాళ్లవైపు తిరిగి, నన్నే అడుగుతున్నట్టు "సార్ ఏం చేస్తుంటారు?" అన్నాడు. బ్యాంకులో అన్నాను. "అదీ సంగతి. మేమెప్పుడైనా మీ బ్యాంకుకొచ్చి వడ్డీ లెక్కలు ఎలా వేయాలో చెప్పామా సార్?" ఒకాయన కిసుక్కున నవ్వాడు, మిగతావాళ్లు అందుకున్నారు. నా చెవులు వేడెక్కిపోయాయి. కాస్టిక్ గురించి చెబుదామని నోరు తెరిచాను, ఆ నవ్వుల్లో ఎవడు వింటాడు? బిల్లు చేతికిచ్చాడు. బేరింగు తీసినందుకు ఒక వరస, దాని కింద "కెమికల్ వాష్" అని ఇంకో వరస. రెండింటికీ డబ్బు కట్టి వచ్చాను. ఆ రెండో వరస తల్చుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

పని చెడిపోవడం ఎక్కడైనా జరుగుతుంది. చెడగొట్టి, చెడలేదని చెప్పి, దానికి కూలి పుచ్చుకుని, అడిగినవాడి ఉద్యోగాన్ని ఎగతాళి చేయడం మాత్రం మన దగ్గర కొన్ని షాపుల్లోనే చూశాను. భాయ్ దగ్గర నలభై ఏళ్లుగా బళ్లు బాగవుతున్నాయి. ఆయనకి ఏసీ కౌంటర్ లేదు, చీటీలు లేవు. ఏదైనా ముట్టుకునే ముందు "ఇది చేయమంటావా బాబూ?" అని అడుగుతాడు.

ఆయనకే చూపించాను. ఏమీ అనలేదు. కొత్త బేరింగు తీసుకుని దాని చోట్లో పెట్టాడు, అది బొటనవేలితో నొక్కితేనే లోపలికి దిగిపోయింది. మామూలుగా డబ్బాని వేడిచేస్తే తప్ప దిగదు. అంటే సోడా ఒంటినే కాదు, బేరింగు కూర్చునే చోటునీ తినేసింది. ఇలాగే బిగిస్తే బేరింగు బయటి రింగు తిరుగుతూ డబ్బాని ఇంకా అరగదీస్తుంది. ఒక స్టడ్డు (తల లేని మర బోల్టు) రంధ్రంలో మర కూడా పలచబడింది.

బేరింగు చోటుకి వదులు మరీ ఎక్కువ లేదు కాబట్టి, నూనె చుక్క లేకుండా థిన్నర్‌తో తుడిచి, బేరింగులు పట్టి ఉంచడానికి అమ్మే లాక్‌టైట్ రకం గమ్ము వేసి కూర్చోబెట్టాం. వదులు ఎక్కువుంటే రంధ్రంలో బుష్ (లోహపు గొట్టంలాంటి రింగు) కొట్టించడం తప్పదు. స్టడ్డు రంధ్రానికి హెలికాయిల్, అంటే కొత్త మరలా పనిచేసే తీగచుట్ట, వేయించాం. మసిని ఆకుపచ్చ స్క్రబ్ పీచుతో, సర్ఫ్ నీళ్లతో రుద్దితే చాలావరకు పోయింది, గరుకు మాత్రం ఉండిపోయింది. అద్దంలా చేసిన పాలిష్ ఇక రాదు.

మీకు అల్యూమినియం డబ్బాలో బేరింగు బిగుసుకుపోతే ఏ షాపుకీ వెళ్లకండి. డబ్బాని నూరు డిగ్రీల దాకా సమానంగా వేడిచేసి, బోర్లించి, చెక్క మీద తట్టండి. అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, బేరింగు దానంతటదే ఊడిపడుతుంది. ఈ ఉపాయం భాయ్ నాకు తర్వాత చెప్పాడు. ముందెందుకు చెప్పలేదు భాయ్ అంటే "నువ్వు అడగలేదు కదా బాబూ" అన్నాడు. తప్పనిసరిగా బయట ఇవ్వాల్సొస్తే పని పూర్తయ్యేదాకా అక్కడే నిలబడండి, కుర్చీ వేయకపోయినా సరే.

చేతుల జిడ్డుకి సర్ఫ్‌లో కొంచెం రంపపు పొట్టు కలిపి రుద్దుకోవడమే. షాపుల్లో అమ్మే జెల్లులన్నీ దాని తర్వాతే.

ఇప్పుడు అన్నీ బిగించేశాను. ప్రైమరీ మూతకి కొత్త రబ్బరు, వెనక కొత్త చైన్, గేర్‌బాక్స్‌లో పల్చటి గ్రీజు, పైన కొంచెం 90 నంబరు గేరు నూనె. గేర్లు చప్పుడు లేకుండా పడుతున్నాయి. బండి కింద అట్టముక్క పరిచి చూస్తే కిక్ షాఫ్టు దగ్గర కాస్త చెమ్మ కనిపిస్తోంది, ఆ సీలు ఆదివారం మార్చాలి.