విశ్వవిద్యాలయం దగ్గర ఆగిన ప్రోగ్రామ్

తెలుగు పాఠంలోని పదాలను విడదీసి లెక్కపెట్టే చిన్న ప్రోగ్రామ్ ఒకటి సి భాషలో రాస్తున్నాను. ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్‌లో, కోడ్ రాసి నడిపి చూసుకునే కోడ్‌బ్లాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాను. ‘అమ్మ’, ‘తెలుగు’ వంటి పదాలకు చక్కగా పనిచేసింది. ‘విశ్వవిద్యాలయం’ రాగానే స్టాక్ (నడుస్తున్న ఫంక్షన్ వాడుకునే తాత్కాలిక మెమరీ) చెడిపోయిందన్న సందేశం ఇచ్చి ఆగిపోయింది. ఏ వరుసలో చెడిందో ఆ సందేశం చెప్పదు. ఫంక్షన్ ముగిసి వెనక్కి వెళ్లేటప్పుడే, స్టాక్ చెడిందో లేదో తెలియడానికి అందులో ఉంచే కాపలా విలువను సరిచూస్తారు కాబట్టి, అప్పటికే తప్పు జరిగిపోయి ఉంటుంది. అన్నాళ్లూ మధ్యమధ్య విలువలను తెరపై చూపించే ప్రింట్‌ఎఫ్‌లు పెట్టి నెట్టుకొచ్చాను. ఇక ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపి లోపల ఏం జరుగుతోందో చూపించే డిబగ్గర్ పెట్టుకోవలసిందే అనిపించింది. అందుకు రెండు సాయంత్రాలు పట్టింది.

మొదట డిబగ్ మెనూలోని ‘మొదలుపెట్టు’ నొక్కడానికే వీలు లేదు. నేను ఒంటరి ఫైలును తెరిచి పనిచేస్తున్నాను; కోడ్‌బ్లాక్స్‌లో డిబగ్గర్ నడవాలంటే ప్రాజెక్టు ఉండాలి. ప్రాజెక్టు చేశాక, కోడ్‌బ్లాక్స్ వెనక పనిచేసే అసలు డిబగ్గర్ జీడీబీయే లేదని తెలిసింది. ఉబుంటులో కంపైలర్ కోసం వేసుకునే బిల్డ్ ఎసెన్షియల్ ప్యాకేజీతో జీడీబీ రాదు, విడిగా వేసుకోవాలి. కన్సోల్ ప్రోగ్రామ్‌కు కిటికీ తెరిచే ఎక్స్‌టర్మ్‌నూ దానితో పాటే వేసుకున్నాను.

అయినా బ్రేక్‌పాయింట్ దగ్గర, అంటే ఆగమని నేను గుర్తు పెట్టిన వరుస దగ్గర, ఆగలేదు. ఎర్ర చుక్క వరుస పక్కనే ఉంది, ప్రోగ్రామ్ మాత్రం దాన్ని దాటి వెళ్లిపోయింది. చూస్తే, నేను కట్టింది రిలీజ్ బిల్డ్, అంటే ఇతరులకు ఇవ్వడానికి తయారుచేసే రూపం. అందులో డిబగ్ సమాచారం చేర్చే ‘జి’ ఆప్షన్ ఉండదు, పైగా ఫంక్షన్ పేర్ల వంటి ఉన్న గుర్తులను కూడా తీసేస్తారు. డిబగ్ బిల్డ్‌కు మార్చాను. మళ్లీ ఆగలేదు.

ఇక్కడ నేను చేసిన మంచి పని, కోడ్‌బ్లాక్స్‌ను పక్కనపెట్టి, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో నేరుగా జీడీబీతో అదే ప్రోగ్రామ్‌ను తెరవడం. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన ఈ డిబగ్గర్‌కు ఏ కిటికీలూ అవసరం లేదు. కోడ్‌బ్లాక్స్ చేసేదల్లా మన తరఫున దానికి ఆదేశాలు పంపడమే. టెర్మినల్‌లో ఫంక్షన్ పేరు చెప్పి బ్రేక్‌పాయింట్ పెడితే సరిగ్గా ఆగింది. అంటే జీడీబీలోనూ లోపం లేదు, డిబగ్ సమాచారంలోనూ లేదు. మధ్యలో జరిగే సంభాషణలోనే ఏదో తేడా ఉంది. డిబగ్గర్ సెట్టింగుల్లో పూర్తి లాగ్ చూపించే ఎంపిక పెట్టాను. జీడీబీకి వెళుతున్న ప్రతి ఆదేశమూ కింద కనబడసాగింది. బ్రేక్‌పాయింట్ ఆదేశంలో నా ఫోల్డర్ దారి ఉంది: ‘తెలుగు పాఠం’. తెలుగు అక్షరాలు, మధ్యలో ఖాళీ. నా భాషలో పేరు పెట్టుకున్నందుకే ఇలా కావడం బాధ కలిగించింది, ఇప్పటికీ అది ఉండకూడని ఇబ్బందే అంటాను. ఫోల్డర్‌ను ఖాళీలు లేని ఇంగ్లిషు పేరుతో మరోచోటికి మార్చాను. ఎవరైనా ఇలా చేస్తే మొత్తం మళ్లీ బిల్డ్ చేయాలి, లేకుంటే డిబగ్ సమాచారంలో పాత దారే మిగిలిపోతుంది.

ఈసారి ఆగింది. పసుపు బాణం ఆ వరుస మీద నిలిచినప్పుడు కుర్చీలోంచి లేచాను.

ఆగినచోట విలువలను చూపే వాచ్ కిటికీలో పదాన్ని బైటు బైటుగా చూశాను. ‘వ’ ఉండవలసిన చోట మైనస్ 32, మైనస్ 80, మైనస్ 75 ఉన్నాయి. మొదట ఏదో చెత్త చేరిందనుకున్నాను. కాదు, అదే ‘వ’. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి, సి భాషలో క్యారెక్టర్ రకం ఇక్కడ రుణ విలువలు చూపుతుంది. గుణింతపు గుర్తుకు మూడు, పొల్లుకు మూడు, సున్నకు మూడు. మన కంటికి ‘విశ్వవిద్యాలయం’లో ఆరు అక్షరాలే, కంప్యూటర్ లెక్కలో 14 సంకేతాలు, 42 బైట్లు, చివర పదం ముగిసిందని చెప్పే సున్నా విలువ గల బైటు ఒకటి. నేను కేటాయించిన చోటు 20 బైట్లు. ‘తెలుగు’ 18 బైట్లతో, ముగింపుతో కలిపి 19తో అందులో ఇమిడిపోయింది కాబట్టే ఇన్నాళ్లూ తప్పు బయటపడలేదు.

ఒక్కో అడుగూ వేస్తూ లెక్క 20కి చేరేదాకా చూశాను. రెండో ‘వి’ గుడి మధ్యలో, రెండు బైట్లు పడ్డాక, చోటు అయిపోయింది. బైట్లను ఒక్కొక్కటిగా రాసే లూప్ ఆగకుండా పక్క స్థలంలోకి రాస్తూ పోయింది.

పదం ఎన్ని బైట్లో ముందే కొలిచి, ముగింపుకు ఒకటి కలిపి, అంత చోటు తీసుకునేలా మార్చాను. ప్రోగ్రామ్ ‘విశ్వవిద్యాలయం’ దాటి తర్వాతి పదానికి వెళ్లింది.