5లోంచి 3ని బయటికి లాగడానికి తొమ్మిది రోజులు

నిన్న రాత్రి పదకొండుకి గ్రాఫ్ సరిగ్గా వచ్చింది. బెంగళూరు మారతహళ్లి పీజీలో అందరూ నిద్రపోతున్నారు. చెప్పుకోవడానికి ఎవరూ లేక ఇక్కడ రాస్తున్నాను.

పని చిన్నదే. అసలు సిగ్నల్ సిగ్మా (అంటే వెడల్పు) 3 ఉన్న గాసియన్, అంటే గంట ఆకారపు వంపు. మా పరికరం దాన్ని సిగ్మా 4 ఉన్న ఇంకో గాసియన్‌తో (దాన్నే కెర్నల్ అంటారు) అలికేస్తుంది. సిగ్మాల వర్గాలు కలుస్తాయి కాబట్టి 9, 16 కలిసి 25. అంటే బయటికొచ్చేది సిగ్మా 5. పరీక్ష కోసం ఆ డేటాని నంపైలో (పైథాన్ లెక్కల లైబ్రరీ) నేనే తయారుచేశాను, ఐదు నిమిషాలు పట్టింది. ఆ అలుకుడు విప్పి 3ని వెనక్కి లాగడానికి సైపై అనే ఇంకో పైథాన్ లైబ్రరీలో డీకన్వాల్వ్ ఫంక్షన్ ఉండనే ఉంది.

దాన్ని రన్ చేస్తే 10 పవర్ 20 దాటిన అంకెలు! వారం రోజులు వెర్షన్లు మార్చాను, ల్యాప్‌టాప్‌ని తిట్టాను. చివరికి అదే గ్రాఫ్ పట్టుకుని రివ్యూకి వెళ్లి, "డేటాలో నాయిస్ ఎక్కువగా ఉంది" అన్నాను. నాయిస్ కలపని డేటా అది, పైగా నా డేటానే.

విజయవాడ నుంచి వచ్చిన ఇంటర్న్ అమ్మాయి మెల్లగా, "అన్నా, కెర్నల్లో మొదటి విలువ ఎంతో చూశారా?" అంది. తెలుగులో అడిగింది కదా, పరువు సగమే పోతుందనుకున్నాను. మా లీడ్‌ది బళ్లారి. నాకంటే మంచి తెలుగు. "చూపించండి మరి" అన్నాడు.

ప్రొజెక్టర్ మీదే ప్రింట్ చేశాను. −40 నుంచి 40 దాకా తీసుకున్న కెర్నల్, అంటే అంచు పది సిగ్మాల దూరంలో ఉంది. శిఖరం 1 అయితే అక్కడ విలువ సుమారు 2e-22, అంటే దశాంశ బిందువు తర్వాత 21 సున్నాలు, ఆపైన 2. ఆ ఫంక్షన్ చేసేది బడిలో నేర్చుకున్న బహుపదుల భాగహారమే, అడుగడుగునా ఆ మొదటి అంకెతోనే భాగిస్తుంది. పదో తరగతి లెక్కల్లో నాకు వందకి వంద. ఆ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు.

కెర్నల్ తోకలు (ఆ చిన్న విలువలున్న అంచులు) కత్తిరించినా లాభం లేదు, చిన్న పొరపాటు కూడా ముందుకెళ్లేకొద్దీ పెరుగుతూనే ఉంటుంది. ఎఫ్ఎఫ్‌టీతో (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే ఫోరియర్ లెక్క) నేరుగా భాగించినా అదే గోల. గాసియన్ ఫోరియర్ కూడా గాసియనే, పెద్ద ఫ్రీక్వెన్సీల దగ్గర దాదాపు సున్నా. వీనర్ పద్ధతిలో హారానికి చిన్న అంకె, నేనైతే 0.0001, కలిపితేనే దారికొచ్చింది. ఇఫ్ట్‌షిఫ్ట్ (కెర్నల్ మధ్య బిందువుని మొదటికి జరిపే ఫంక్షన్) మర్చిపోతే శిఖరం 40 పాయింట్లు పక్కకి జరుగుతుంది. దానికో రోజు పోయింది. నెట్‌లో దొరికిన రెండు లైన్ల జవాబుల్ని మాత్రం నమ్మకండి, రాసినవాళ్లు రన్ చేసి చూసినట్టు లేదు.

పొద్దున లీడ్‌కి గ్రాఫ్ పంపాను, సిగ్మా 3.1 వచ్చిందని. రెండు నిమిషాల్లో జవాబు: "3 రావాలి కదా, ఆ 0.1 ఎక్కడిది?"