పేరొకటే, వాట్లు వేరు

కొన్నేళ్ల క్రితం నేను కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్ పెట్టె మీద ఆర్‌టీఎక్స్ 3060 అని, అంటే ఆటలో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్ పేరు, ఉంది. అదే నెలలో నా మిత్రుడు కొన్న మరో కంపెనీ ల్యాప్‌టాప్ మీదా అదే పేరు ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకే గేమ్‌ను ఒకే సెట్టింగ్‌లతో నడిపినప్పుడు అతని తెర మీద ఆట సాఫీగా సాగిపోతుంటే, నా తెర మీద పోరాట సన్నివేశం రాగానే తడబడేది. లోపం ఎక్కడో ఉందనుకొని డ్రైవర్లు మార్చాను, విండోస్‌ను మళ్లీ ఎక్కించాను, ఫలితం లేకపోయింది. చివరకు ఆ చిప్ తయారుచేసే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి చూస్తే అసలు సంగతి ఒక్క వరుసలో బయటపడింది. గరిష్ఠ గ్రాఫిక్స్ పవర్ అన్నచోట నా దానిలో 75 వాట్లు, అతని దానిలో 130 వాట్లు అని ఉంది.

దీన్ని మోసం అనడానికి లేదు. ల్యాప్‌టాప్‌లో వాడే 3060 చిప్‌ను 60 నుంచి 115 వాట్ల మధ్య ఎక్కడైనా నడుపుకొనే వెసులుబాటు ల్యాప్‌టాప్ తయారీదారుకు ఉంది, డైనమిక్ బూస్ట్ (ప్రాసెసర్ వాడని కరెంటును గ్రాఫిక్స్ చిప్‌కు మళ్లించే పద్ధతి) ద్వారా వచ్చేది దానికి అదనం. తర్వాతి తరానికి చెందిన 4060లో ఈ పరిధి 35 వాట్ల నుంచే మొదలవుతుంది. శరీరం సన్నగా, ఫ్యాన్లు చిన్నవిగా ఉన్న ల్యాప్‌టాప్‌లో పుట్టే వేడిని బయటకు పంపే దారి ఉండదు కనుక తయారీదారు చిప్‌కు కరెంటు తగ్గించి ఇస్తాడు, దానితో క్లాక్ వేగం, అంటే చిప్ పనిచేసే వేగం, పడిపోతుంది. అలాగని వాట్లు రెట్టింపైతే వేగమూ రెట్టింపవుతుందని కాదు. 4060లో 100 వాట్లు దాటిన తర్వాత లాభం స్వల్పమే. అడుగున 35, 45 వాట్ల దగ్గర మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇక పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత డెస్క్‌టాప్ పేర్లను అరువు తెచ్చుకున్న చిప్‌లకు బాగా వర్తిస్తుంది. ల్యాప్‌టాప్ 4090లో ఉన్నది డెస్క్‌టాప్ 4080లో వాడిన చిప్పే, మెమరీ కూడా డెస్క్‌టాప్ 4090లోని 24 జీబీకి బదులు 16 జీబీ మాత్రమే.

ప్రాసెసర్ విషయంలోనూ పేరులోని మొదటి ముక్క చూసి తొందరపడకూడదు. ఇంటెల్ కోర్ ఐ7-1355యు అన్నది వినడానికి పెద్దది. అందులో వేగవంతమైన కోర్లు (పనిచేసే విభాగాలు) రెండే, మిగిలిన ఎనిమిదీ పొదుపు కోర్లు. దానికన్నా చిన్నదిగా కనిపించే ఐ5-13500హెచ్‌లో వేగవంతమైనవి నాలుగు, పొదుపువి ఎనిమిది. ఆట ఆడుతూ వెనుక రికార్డింగ్ నడిపేవారికి రెండోదే నయం. చివర ఉన్న అక్షరమే చాలా సంగతులు చెబుతుంది: యు అంటే బ్యాటరీ పొదుపు, హెచ్ అంటే పని. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 వరుసలో అయితే మూడో అంకెను చూడాలి, లోపలి నిర్మాణం ఏ తరానిదో అదే చెబుతుంది. 7520యులో ఉన్నది 2019లో వచ్చిన జెన్ 2 నిర్మాణం, 7840హెచ్ఎస్‌లో ఉన్నది జెన్ 4. ఇంత తికమక పేర్లు పెట్టినవారికి ఏదైనా బహుమతి ఇవ్వాలని నాకు చాలాసార్లు అనిపించింది.

నా పాత ల్యాప్‌టాప్‌లో రెండో లొసుగు ర్యామ్. ఆటతో పాటు ముప్పై ట్యాబుల బ్రౌజర్, వాయిస్ చాట్ తెరిచి ఉంచడం నా అలవాటు. 16 జీబీ ఉన్నా పనులు ఈడ్చుకుంటూ సాగడం చూసి టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే, వాడుకలో ఉన్న స్లాట్లు రెండింటిలో ఒకటి అని ఉంది. అంటే 16 జీబీ మొత్తం ఒకే స్టిక్, డేటా నడిచే దారి (ఛానల్) ఒక్కటే; ఒంటెద్దు బండి. అడుగు మూతకున్న పది స్క్రూలు విప్పి, అలాంటిదే మరో స్టిక్‌ను ఏటవాలుగా స్లాట్‌లోకి దూర్చి కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కున పట్టుకున్నాయి. మెమరీ రెండు దారుల్లో పనిచేయడం మొదలయ్యాక సగటు ఫ్రేములు కొద్దిగానే పెరిగాయి గానీ, మధ్యమధ్యలో బొమ్మ ఆగి కదిలే జబ్బు చాలావరకు పోయింది.

ఈ అనుభవం తర్వాత నా లెక్క మారింది. స్లాట్లు ఉన్న ల్యాప్‌టాప్‌లో ర్యామ్‌ను తర్వాతైనా పెంచుకోవచ్చు, ఫైళ్లు, గేములు నిల్వ ఉండే ఎస్ఎస్‌డీని మార్చుకోవచ్చు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్, దాని సొంత మెమరీ అయిన వీర్యామ్ మదర్‌బోర్డుకు అతికించి ఉంటాయి. కొత్త గేముల టెక్స్చర్లకు వీర్యామ్ చాలనప్పుడు డేటా సాధారణ ర్యామ్‌లోకి పొంగిపోయి ఆట కుదుపులకు లోనవుతుంది, ఆ కుదుపులకు ఎంత ర్యామ్ వేసినా మందు లేదు. అందుకని డబ్బు పరిమితమైనప్పుడు 32 జీబీ ర్యామ్, 4 జీబీ వీర్యామ్ ఉన్నదానికన్నా 16 జీబీ ర్యామ్, 8 జీబీ వీర్యామ్ ఉన్నదాన్నే ఎంచుకోమంటాను. ర్యామ్ కూడా అతికించి వచ్చే సన్నని మోడళ్లలో మాత్రం మొదటే ఎక్కువ తీసుకోక తప్పదు.

ఎస్ఎస్‌డీ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. సెకనుకు 3,500 ఎంబీ చదివేదానికీ 7,000 ఎంబీ చదివేదానికీ ఆట తెరుచుకునే సమయంలో తేడా చాలా గేముల్లో పట్టించుకోదగ్గది కాదు, దానికన్నా 1 టీబీ స్థలం ముఖ్యం.

తెర విషయంలో అంతా 144 హెర్ట్జ్, అంటే సెకనుకు 144 సార్లు బొమ్మ మారడం, అన్న అంకెనే చూస్తారు. 60 హెర్ట్జ్‌లో ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలిస్తే 144లో 6.9 మాత్రమే నిలుస్తుంది, అలవాటైన కంటికి ఇది తెలుస్తుంది. అయితే 45 శాతం ఎన్‌టీఎస్‌సీ, అంటే తక్కువ రంగులే చూపగల, తెర అయితే ఎంత వేగమున్నా వెలిసిపోయిన చొక్కాలా కనిపిస్తుంది. గ్రాఫిక్స్ చిప్‌ను నేరుగా తెరకు కలిపే మక్స్ స్విచ్ ఉందో లేదో కూడా కనుక్కోవాలి. అది లేకపోతే గ్రాఫిక్స్ చిప్ తయారుచేసిన ప్రతి ఫ్రేమూ ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీదుగా తెరకు చేరాల్సి వస్తుంది.

కిందటేడాది కొత్తది తీసుకునే ముందు నేను మోడల్ పేర్లను పక్కనపెట్టి, అరగంట ఆట తర్వాత కూడా చిప్‌కు ఎన్ని వాట్లు అందుతున్నాయో కొలిచి చూపిన సమీక్షలనే చదివాను. 140 వాట్ల 4060 దొరికింది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఆ వాట్లలో చాలాభాగం అందవు కనుక ఆడాలంటే ప్లగ్ పెట్టాల్సిందే. దానితో వచ్చిన 230 వాట్ల ఛార్జర్ ఇటుకంత ఉంది, బ్యాగులో ల్యాప్‌టాప్ అరలో పట్టక విడిగా మోస్తున్నాను.